అంతర్వేది కెరటాలు, నాలుగు గదుల ఇల్లు, పక్కనే రొయ్యల చెరువు

నరసాపురం మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కబోతుంటే, టిక్కెట్లు ఇచ్చే అతను మా మేనల్లుడి చంకలో ఉన్న ఏడడుగుల సర్ఫింగ్ బోర్డును ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "దీన్ని బండి కింద రాయాలా, సామాను కింద రాయాలాండీ?" అని అడిగాడు. మాకూ తెలియలేదు. వెనక మోటారు సైకిళ్ల వాళ్లు హారన్లు మోగిస్తుండడంతో అతను దేని కిందా రాయకుండానే చేయి ఊపి లోపలికి పంపించాడు. గోదావరి పాయ వశిష్ఠను దాటి సఖినేటిపల్లి గట్టున దిగేలోపు, ఆ బల్ల మీద నిలబడి కెరటంతో పాటు ఒడ్డుకు జారుతూ రావచ్చునని మావాడు పంటులో ఉన్నవారికి మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. ఒక పెద్దాయన మాత్రం చివరి దాకా నమ్మలేదు.

మావాడు చెన్నైలో ఉద్యోగం చేస్తూ, ఆ నగరానికి దక్షిణాన ఉన్న కోవలం అనే జాలరి ఊళ్లో సర్ఫింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడక్కడ ఆదివారం వస్తే కెరటాల కంటే బోర్డులే ఎక్కువగా ఉంటాయట. జనం లేని తీరం ఒకటి చూపించమని వాడు అడిగితే, పాలకొల్లులో పుట్టి పెరిగినవాణ్ణి గనుక నాకు మొదట తోచింది అంతర్వేది. గుడికి చాలాసార్లు వెళ్లాను గాని, సముద్రం కోసం వెళ్లడం ఇదే మొదలు. తీర్థం రద్దీ పూర్తిగా సద్దుమణిగాక, ఫిబ్రవరి చివరి వారంలో రెండు రాత్రులు ఉన్నాము. ఈ సమీక్ష ఆ తీరం గురించీ, మేము దిగిన నాలుగు గదుల ఇంటి గురించీ. ఇంటి పేరు రాయడం లేదు. లోపాలన్నీ యజమానికి ఎదుటే చెప్పి వచ్చాను.

సర్ఫింగ్ అనగానే అద్దె బోర్డులు, నేర్పేవారు, ఒడ్డున కాఫీ దుకాణాలు ఉంటాయనుకునేవారు అంతర్వేదికి రావద్దు. వారికి విశాఖపట్నంలో రుషికొండ నయం. ఇక్కడ పల్లిపాలెం ఒడ్డున కనిపించేవి పడవలు, ఆరేసిన వలలు, ఎండబెట్టిన చేపలు, సరుగుడు తోటలు. మేమున్న మూడు రోజుల్లో నీళ్లలో బోర్డుతో ఉన్నది మావాడొక్కడే.

ఇక కెరటాల సంగతి. గోదావరి వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రు వల్ల ఇక్కడ సముద్రం చాలా దూరం దాకా లోతు తక్కువగా ఉంటుంది. అందుచేత కెరటం, బోర్డు మీద జారడానికి అనువుగా, ఒక పక్క నుంచి మరో పక్కకు వరుసగా విరగదు. దూరంగా ఇసుక మెరకల మీద ఒకసారి విరిగి, మళ్లీ కూడుకుని, ఒడ్డు దగ్గరికి వచ్చాక గోడ కూలినట్టు మొత్తం ఒక్కసారే పడిపోతుంది. మొదటి రోజు సాయంత్రం మావాడు ఎన్నిసార్లు లేచాడో అన్నిసార్లూ పడి, నోటినిండా ఇసుకతో తిరిగి వచ్చాడు. తప్పు వాడిది కాదు, వేళది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఒడ్డు వైపు కొడుతుంటే కెరటాలన్నీ చెదిరిపోతాయి. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి పోతుంది గనుక నీరు నున్నగా ఉంటుంది, కెరటం కూడా కాస్త నిదానించి విరుగుతుంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఇది మాకు రెండు ముక్కల్లో తేల్చి చెప్పారు. "సాయంత్రం ఏం లాభం బాబూ, కోడి కూసే వేళకి రండి. అదిగో, నీళ్లు నల్లగా అవుపిస్తన్న కాడ దిగకండి, లోనికి లాగేత్తాది. తెల్లగా పొంగే కాడే మెరక" అని, వల మీద నుంచి చేతులు తీయకుండా గడ్డంతోనే చూపించారు. మరునాడు ఆరు గంటలకు ఆయన చెప్పిన చోటే దిగితే, నడుము ఎత్తు కెరటాలు ఐదు దొరికాయి. వాటిలో ఒకటి మావాణ్ణి నిలబెట్టి, వలలు లాగుతున్నవారి ముందు దాకా మోసుకొచ్చి దింపింది. రెండు గంటల్లో ఐదు కెరటాలంటే సర్ఫింగ్ తెలిసినవారు నవ్వుతారేమో గాని, ఆ ఐదింటికీ వంతు కోసం ఎదురుచూడనక్కర లేకపోవడమే వాడికి పండుగలా ఉంది.

వశిష్ఠ సముద్రంలో కలిసే చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. నది నీరు ఒక రంగు, సముద్రం ఒక రంగు. ఆ రెండూ ఆనుకుని ఉండడం చూడడానికి తప్పక వెళ్లండి, కాని దిగకండి. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, నది నీరు సముద్రంలోకి ఉరుకుతుంటే ఎదురుగా కెరటం వస్తుంది. ఆ రెండూ తగులుకునే చోట కెరటం నిలువుగా, ఎంతో అందంగా లేస్తుంది. మావాడు అది చూసి ఉబలాటపడ్డాడు. ఇంజను పడవలు సైతం ఆ మొగ దాటడానికి అదను చూసుకుంటాయని విన్నాక బోర్డు ఇసుకలో గుచ్చి కూర్చున్నాడు. పోటుపాట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది గనుక నిన్నటి వేళను నమ్ముకుని వెళ్లడం ప్రమాదం. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో ఉధృతి మరింత ఎక్కువ.

ఇంటి విషయంలో నాకు కొంత కోపం ఉంది. "సముద్రం కనిపించే గది" అని ఫోనులో చెప్పి రాత్రికి 1,800 రూపాయల చొప్పున తీసుకున్నారు. తీరా కిటికీ తెరిస్తే కనిపించింది రొయ్యల చెరువు. సముద్రం కావాలంటే డాబా ఎక్కి, కొబ్బరి మట్టల సందులో నుంచి వెతుక్కోవాలి. చీకటి పడ్డాక చెరువులోని నాచు ప్రాణవాయువును ఇవ్వడం మాని తానే పీల్చుకుంటుంది, అది తగ్గితే రొయ్యలు నీటి మీదికి తేలిపోతాయి. అందుకని రైతులు నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు రాత్రంతా తిప్పుతారు. వారి కష్టం వారిది, చెరువు ఈ ఇంటివారిది కూడా కాదు. అయినా మొదటి రాత్రి ఆ చప్పుడుకు వాన దంచుతోందనుకుని, డాబా మీద ఆరేసిన తువాళ్లు తీయడానికి రెండు గంటలప్పుడు లేచి వెళ్లాను. పైన చూస్తే నక్షత్రాలు!

కుళాయిలో వచ్చేది ఉప్పునీరు, సబ్బు నురగ రాదు. సముద్రంలో మునిగి వచ్చినవారికి ఉప్పు వదిలించుకోవడానికి మళ్లీ ఉప్పునీరే దిక్కు. వాకిట్లో ఒక డ్రమ్ము మంచినీళ్లు పెట్టించమని యజమానిని అడిగితే, ట్యాంకరు వాడితో మాట్లాడతానన్నారు. పడకలు, దోమతెరలు శుభ్రంగా ఉన్నాయి.

భోజనం దగ్గర ఆ కోపమంతా పోయింది. పొద్దున మందపాటి దిబ్బరొట్టె, అడుగు ఎర్రగా మాడీ మాడనట్టు కాల్చి, చెరకు పానకంతో పెట్టారు. మధ్యాహ్నం మామిడికాయ వేసిన మెత్తళ్ల కూర. రాత్రి పీతల పులుసు. ఆ ఇంటి ఇల్లాలు డెక్కలను రోకలిబండతో ఒక్కొక్క దెబ్బే వేసి, చిట్లకుండా పగిలేలా కొట్టి పులుసులో వేయడం నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూశాను. "గట్టిగా కొడితే పెంకు ముక్కలు నోట్లోకి వచ్చేత్తాయి అన్నయ్యగారూ" అన్నారు. అడిగినంత వడ్డించి, పూటకు మనిషికి 200 రూపాయలే తీసుకున్నారు. రేవు దగ్గర ఒకతను ఫిబ్రవరిలో పులస అంటూ ఏదో చేప చూపించాడు. వరద నీటికి ఎదురీదే చేప ఎండల ముందు ఎక్కడిది? ఇలాంటివారి దగ్గర మోసపోవద్దు.

ఇక కాలం. నైరుతి గాలులు మొదలయ్యాక కెరటాలు పెద్దవవుతాయి గాని, వరద రోజుల్లో ఎర్రనీటితో పాటు దుంగలు కొట్టుకొస్తాయి, బోర్డుతో దిగడం తెలివితక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గనుక ఆ రోజుల్లో చేపల కోసం ఆశపడకూడదు. మాఘ శుద్ధ దశమి రాత్రి నరసింహస్వామివారి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. అప్పుడు గదులు దొరకవు, ప్రశాంతతా దొరకదు. 1823లో కొపనాతి కృష్ణమ్మ పూర్తిచేయించిన ఆలయాన్ని మేము వెళ్లిన రోజుల్లో అయిదు నిమిషాల్లో దర్శించుకోగలిగాము. చలికాలం చివర ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రెండో రోజు ఉదయం ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టున్న జాడ చూశాము. రాత్రి ఒడ్డున టార్చి లైట్లు వేయకండి.

మళ్లీ వెళ్తే ఆ ఇంట్లోనే దిగుతాము. మీరు వెళ్తే మాత్రం సముద్రం కనిపించే గది అడగకండి, వంటింటి వైపు గది అడగండి. ఏరియేటర్ల మోత సగానికి తగ్గుతుంది, బోర్డు పెట్టుకోవడానికి వసారా కూడా అటే ఉంది.