కాప్లానా, ఫ్రాన్సిసా, గేటా: చేపకు ఏ దారి మేలు?

పోలవరంలో పెడుతున్నవి కాప్లాన్ టర్బైన్లు, అంటే ఓడ పంఖాలాంటి రెక్కలున్న, నీటితో తిరిగి కరెంటు తీసే చక్రాలు, ఒక్కొక్కటి 80 మెగావాట్ల చొప్పున పన్నెండు. సీలేరులో ఎప్పటినుంచో తిరుగుతున్నవి రెక్కలు దగ్గరదగ్గరగా ఉండే ఫ్రాన్సిస్‌లు. ఈ రెండింటిలో చేపకు ఏది తక్కువ హాని చేస్తుందని విశాఖలో నన్ను అడిగినవారు చాలామందే ఉన్నారు. ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజి (కింది జలాశయం నీటిని మళ్ళీ పైకి తోడుకుని, కరెంటు కావాల్సినప్పుడు కిందికి వదిలే పథకం) గురించి పత్రికలో వార్త పడిందంటే చాలు, మర్నాడు ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. (2022 దాకా సీలేరు మా జిల్లాయే. కాగితాల మీద అల్లూరి జిల్లాకు వెళ్ళిపోయినా పట్టింపు పోలేదు.)

ఒక్క ముక్కలో కావాలంటే కాప్లానే మేలు. అయితే నా దృష్టిలో ఆ ప్రశ్న సగమే.

అడిగేవారి మనసులో ఉండేది రెక్క. చక్రం తిరుగుతుంది, చేప తెగుతుంది అనుకుంటారు. అది నిజమే. రెక్క తగిలే అవకాశం రెక్కల సంఖ్యను బట్టి, చక్రం వేగాన్ని బట్టి, చేప పొడవును బట్టి పెరుగుతుంది. కాప్లాన్‌కు రెక్కలు నాలుగు నుంచి ఎనిమిది, మధ్యలో ఖాళీ ఎక్కువ. ఫ్రాన్సిస్‌కు సాధారణంగా పదికి పైనే ఉంటాయి. గుడ్లు పెట్టడానికి నదిలోంచి సముద్రానికి దిగే మలుగుపాము మీటరు పొడవుంటే ఏ చక్రంలోనైనా దాని గతి అంతే. దాని విషయంలో రెక్కే తీర్పు చెబుతుంది, నేను కాదనను. కానీ వరదనీటితో కిందికి కొట్టుకొచ్చేవాటిలో ఎక్కువ భాగం వేలెడు కూడా లేని పిల్లలు. అవి రెక్కల మధ్యనుంచి జారిపోతాయి. చాలావాటికి ఒంటిమీద గీత కూడా పడదు. అయినా చస్తాయి.

ఎందుకో చూడాలంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు ఒకసారి వెళ్ళండి. లోతులోంచి గాలంతో లాగిన చేపల్లో కొన్నింటికి కళ్ళు గుడ్లు తేలి ఉంటాయి, నోట్లోంచి గులాబిరంగు సంచి ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. నాలుక అనుకుంటారు కొందరు. అది పొట్ట. కడుపులోని గాలితిత్తి ఉబ్బి దాన్ని బయటికి నెట్టేసింది. కచిడి చేపకు లక్షల ధర పలికించే గాలితిత్తి ఉంది చూశారూ, ఆ అవయవమే ఇక్కడ చేప ప్రాణం తీసేది.

టర్బైన్‌లో జరిగేదీ ఇదే, కాకపోతే రెప్పపాటులో. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పది మీటర్ల లోతున తేలికగా నిలిచి ఉన్న చేప తిత్తిలో గాలి రెండు వాతావరణాల పీడనంలో ఉంటుంది. ఆ చేప చక్రం దాటగానే, రెక్కల కింద పీడనం క్షణంలో కూలుతుంది. ఒక్కోచోట బయటి గాలి పీడనం కంటే కూడా తగ్గిపోతుంది. అక్కడ అర వాతావరణమే ఉందనుకోండి, తిత్తి నాలుగింతలు కావాలి. పీడనం ఎన్నో వంతుకు తగ్గితే గాలి అన్నింతలు అవుతుందనే బాయిల్ నియమం, అంతే. అదే చేప పైనీటిలో తిరుగుతూ వచ్చి ఉంటే రెండింతలతో సరిపోయేది. తిత్తి పగలడం, మూత్రపిండాల దగ్గర నెత్తురు చిమ్మడం, మొప్పల నాళాల్లో గాలిబుడగలు చేరడం, ఇవన్నీ ఆ నిష్పత్తిని పట్టే నడుస్తాయి. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల సాల్మన్ పిల్లల మీద చేసిన పరీక్షల్లో తేలింది కూడా ఇదే: చేప అలవాటుపడిన పీడనానికీ, దారిలో తగిలిన కనిష్ఠ పీడనానికీ మధ్య నిష్పత్తే గాయాన్ని నిర్ణయిస్తుంది. వాళ్ళు తొమ్మిది సెంటీమీటర్ల పొడవున్న ఒక గొట్టాన్ని, లోపల పీడనాన్ని కొలిచే యంత్రాలతో, చేపకు బదులు టర్బైన్‌లోకి పంపి ఆ కనిష్ఠాన్ని పట్టుకుంటారు.

శీలావతి, బొచ్చె, వాలుగ, పులస వంటివాటికి తిత్తినుంచి గొంతులోకి సన్నని నాళం ఉంటుంది కనుక గాలి వదిలేసుకుంటాయి గదా అని ఒకరు అడిగారు. వదలగలవు, వ్యవధి ఉంటే. ఇక్కడ ఉన్నది సెకనులో చిన్న భాగం. కొరమీనుకూ తిలాపియాకూ ఆ నాళమే లేదు, గాలి నెత్తురులోకి ఇంకాల్సిందే. అది గంటల పని.

కాబట్టి కాప్లాన్ అని పేరు చూసి మురిసిపోకూడదు. చక్రాన్ని దిగువ నీటిమట్టం కంటే ఎంత లోతున కూర్చోబెట్టారు? ఎంత లోతైతే కనిష్ఠ పీడనం అంత పెరుగుతుంది, చేపకు అంత మంచిది. నీటిని ఎంత నిండుగా వదులుతున్నారు? ప్రవాహం పెరిగేకొద్దీ సాధారణంగా కనిష్ఠం ఇంకా పడిపోతుంది. నిండు లోడులో, అంటే పూర్తి సామర్థ్యంతో తిరిగే కాప్లాన్ కంటే కొంచెం తగ్గించి నడిపే కాప్లాన్ చేపకు మేలు. కానీ వరదకాలంలో లోడు తగ్గించమంటే విద్యుత్తువాళ్ళు ఒప్పుకోరు. పిల్లచేపలు దిగేదేమో సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇక గేటు. మరీ ఎత్తు లేనిచోట, నీరు పైనుంచి పొర్లే దారి చేపకు టర్బైన్ కంటే మంచిదని నా పక్షపాతం. అయితే పోలవరంలో ఉన్నలాంటి రేడియల్ గేటు (పైకి ఎత్తే వంపు తలుపు) పొర్లించదు, కిందినుంచి వదులుతుంది. పోలవరంలో వరదనీరు వదిలే స్పిల్‌వే అంచు 25.72 మీటర్ల మట్టాన, నిండు జలాశయం 45.72 మీటర్లు. అంటే గేటు కొద్దిగా ఎత్తితే చేప ఇరవై మీటర్ల నీటికింద నుంచి దూరి ఒక్కసారిగా గాలిలోకి రావాలి. ఆస్ట్రేలియాలో చిన్న ఆనకట్టల దగ్గర పరీక్షిస్తే పైనుంచి పొర్లిన నీటిలో కంటే కిందినుంచి చిమ్మిన నీటిలో చేపపిల్లలు చాలా ఎక్కువగా చచ్చాయి. నలభై ఎనిమిది గేట్లనూ జానెడు జానెడు ఎత్తేకంటే కొన్నింటిని పూర్తిగా లేపితే చేపకు సుఖం. ఇంజనీర్లకు వేరే లెక్కలుంటాయి, తెలుసు. ఎత్తునుంచి లోతైన మడుగులోకి దూకే నీరు గాలిని అతిగా కలుపుకుని చేపలకు బుడగల జబ్బు తెస్తుంది. ఆ పేచీ అమెరికాలోని కొలంబియా నదిలో దశాబ్దాలుగా నడుస్తోంది.

నీటిధారను చక్రం దొన్నెల మీదికి చిమ్మే పెల్టన్ సంగతి చెప్పేదేమీ లేదు, అందులోకి వెళ్ళిన చేప బతకదు. నీరు దిగుతూ నెమ్మదిగా తిప్పే పెద్ద మర, ఆర్కిమెడిస్ మర, చేపకు మహా సుఖం, కానీ పది మీటర్ల లోపు ఎత్తుకే, కాలువల మీదికే పనికొస్తుంది. చేపల నిచ్చెన పైకి ఎక్కడానికే తప్ప కిందికి దిగే పిల్లలకు పెద్దగా ఉపయోగపడదు.

పంప్డ్ స్టోరేజి విషయం విచిత్రం. పంపుగా కూడా తిరగాలి కనుక ఆ యంత్రాన్ని దిగువ మట్టానికి చాలా లోతున పెడతారు. కనిష్ఠ పీడనం లెక్క ఒక్కటే చూస్తే మామూలు ఫ్రాన్సిస్ కంటే నయమే. కానీ ఎగువ సీలేరు పథకంలో గుంటవాడ, దొంకరాయి జలాశయాల మధ్య నీరు రోజూ పైకీ కిందికీ తిరగాల్సి ఉంటుంది. పగలు చక్రం దాటి బతికిన చేప రాత్రి మళ్ళీ అదే గొట్టంలో పైకి వెళ్ళవచ్చు, మర్నాడు మళ్ళీ దిగవచ్చు. అందుకే దాన్ని ఫ్రాన్సిస్ కంటే కిందే పెడతాను. నీరు పీల్చుకునే మూతికి సన్నని జల్లెడ కడతామంటే అప్పుడు మళ్ళీ ఆలోచిస్తాను. ఆ జల్లెడ కన్ను ఎన్ని మిల్లీమీటర్లో ముందు చెప్పాలి.