అమ్మానాన్నల గ్రీన్‌కార్డ్ ‘ప్యాకేజీ’ కొనేముందు ఇది చదవండి

మా అమ్మ గ్రీన్‌కార్డ్ దరఖాస్తును పోయిన నవంబర్‌లో కొట్టేశారు. దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటి వెళ్ళింది కాబట్టి, ఆవిడ దాన్ని వదులుకున్నట్టే లెక్క అని రాశారు. అమ్మ దేన్నీ వదులుకోలేదు. “రసీదు వచ్చేసింది కదక్కా, అమ్మగారు నిశ్చింతగా ఇండియా వెళ్ళి రావచ్చు” అని మేం డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి చెప్పాడు. మేం నమ్మాం.

అమెరికాలో ఈమధ్యే సిటిజన్ అయి, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మనో నాన్ననో ఇక్కడే ఉంచుకోవాలనుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ కన్సల్టెంట్ పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు ఇవ్వాల్సిన చోట ఇచ్చాను.

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. అమ్మకు 68 ఏళ్ళు. నాన్న పోయాక తెనాలిలో ఒక్కతే ఉంటోంది. 2024 డిసెంబర్‌లో ఆరు నెలలు ఉండి వెళ్దామనే వచ్చింది, తిరుగు టికెట్ కూడా చేతిలో ఉంది. 2025 ఫిబ్రవరిలో నా సిటిజన్‌షిప్ ఓత్ అయింది. మార్చిలో అమ్మ బాత్రూంలో జారిపడింది. దెబ్బ పెద్దదేం కాదు. కానీ ఇదే తెనాలిలో జరిగి ఉంటే తలుపు తీసేది ఎవరు అన్న ఆలోచనతో నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. ఇక్కడే ఉండిపోమని అప్పుడే అడిగాను.

చట్టం మావైపే ఉంది. గ్రీన్‌కార్డ్ మీద ఉన్నవాళ్ళు తల్లిదండ్రులకు పిటిషన్ వేయలేరు గానీ, 21 ఏళ్ళు నిండిన సిటిజన్ వేయొచ్చు. వీళ్ళకు కోటా ఉండదు, ఏళ్ళ తరబడి క్యూ ఉండదు. సక్రమంగా వీసా మీద దేశంలోకి వచ్చి ఉంటే పిల్లల తరఫు పిటిషన్ ఐ-130, తల్లిదండ్రుల దరఖాస్తు ఐ-485 రెండూ కలిపి ఇక్కడి నుంచే వేసుకోవచ్చు. ఇంత సూటిగా ఉన్న కేసును పాడు చేసుకున్నామే అన్నదే నా బాధ.

ఆ కన్సల్టెంట్ ప్రకటన మా వాట్సాప్ గ్రూపులో కనిపించింది. తెలుగులో మాట్లాడతాడు, రాత్రి పదింటికి ఫోన్ చేసినా ఎత్తుతాడు. ప్యాకేజీ 1,500 డాలర్లు, గవర్నమెంట్ ఫీజులు వేరు. సగం ముందే జెల్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు)లో పంపాం. లాయర్ ఫీజులో ఇది సగం కూడా లేదు కదా అనుకున్నాం. అతను లాయర్ కాదని మాకు తెలుసు. ఫారాలు నింపడానికి లాయర్ ఎందుకు అనిపించింది.

అతని ప్రకటనలో ఇంకో మాట ఉంది: “విజిటర్ మీద రప్పించండి, మిగతాది మేం చూసుకుంటాం.” మాకు అది వర్తించలేదు గానీ, మీలో ఎవరికైనా అలాంటి సలహా ఇస్తే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. చూసి వెళ్ళడానికే వస్తున్నానని ఆఫీసర్‌కు చెప్పి, ముందే ఉండిపోయే ప్లాన్‌తో వస్తే అది అబద్ధం చెప్పి ప్రవేశించడం కిందికి వస్తుంది. ఇక్కడి నుంచే వేసే గ్రీన్‌కార్డ్ దరఖాస్తు విషయంలో, సిటిజన్ల తల్లిదండ్రులు గడువు దాటి ఉన్నా చట్టం చూసీ చూడనట్టు వదిలేస్తుంది, అబద్ధాన్ని మాత్రం వదలదు. దానికి మాఫీ కోరాలంటే సిటిజనో గ్రీన్‌కార్డ్ హోల్డరో అయిన భర్త, భార్య, తల్లి, తండ్రి ఎవరో ఒకరు ఉండాలి. కూతురో కొడుకో సిటిజన్ అయితే అది లెక్కలోకి రాదు.

మొదటి దెబ్బ మెడికల్ దగ్గర తగిలింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న డాక్టర్, అంటే సివిల్ సర్జన్, పరీక్ష చేసి ఐ-693 ఫారం సీల్ చేసిన కవర్‌లో ఇస్తారు. “అది తర్వాత చూద్దాం అక్కా, వాళ్ళు అడిగినప్పుడు పంపొచ్చు” అన్నాడు. ఒకప్పుడు అలా నడిచేది. 2024 డిసెంబర్ 2 నుంచి ఐ-693 ఐ-485తో పాటే పెట్టాలి, లేకపోతే తిప్పి పంపేయొచ్చు. ఏప్రిల్‌లో పంపిన మా ఐ-485 అలాగే వెనక్కి వచ్చింది. ఐ-130 ఒక్కటీ తీసుకున్నారు. అమ్మ ఐ-94, అంటే ఎప్పటిదాకా ఇక్కడ ఉండొచ్చో చూపే రికార్డు, దాని గడువు జూన్‌లో ముగుస్తుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం పరుగులు, టీబీ రక్తపరీక్ష, టీకాలు, ఆ టెన్షన్ అంతా పడి మే చివరి వారంలో మళ్ళీ పంపాం. పాత రూల్ మీద బండి నడుపుతున్నాడని అప్పుడే అర్థం కావాల్సింది. తప్పు ఒప్పుకుని అంత మర్యాదగా క్షమాపణ చెప్పేసరికి మెత్తబడ్డాం.

జనన ధ్రువపత్రం సంగతీ అంతే. అమ్మ 1957లో తెనాలి పక్కన పల్లెలో పుట్టింది. ఆ రోజుల్లో పుట్టుక రాయించినవాళ్ళు ఎంతమంది? “ఆధార్, పాస్‌పోర్ట్ పెడదాం, చాలు” అన్నాడు. చాలదు. రికార్డు లేదని అక్కడి రిజిస్ట్రార్ ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ కావాలి. దాంతో పాటు, ఆ పుట్టుక గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు కావాలి. స్వయంగా తెలియాలంటే అమ్మకంటే పెద్దవాళ్ళే అయి ఉండాలి. అలాంటివాళ్ళు మాకు మిగిలింది ఇద్దరే, మా పెద్దమ్మ, మా పెద్ద మామయ్య. ఈ విషయం అతను చెప్పలేదు, ఇదే దారిలో వెళ్ళిన మా స్నేహితురాలు చెప్పింది. పెద్ద మామయ్య 80 ఏళ్ళ వయసులో కర్ర పట్టుకుని, ఎండలో ఆటో ఎక్కి నోటరీ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టి వచ్చాడు. “నా చెల్లెలు పుట్టిన రాత్రి మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనే, అది కూడా రాయమను” అన్నాడట. రాయించాం. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళు ఉంటే ఈ అఫిడవిట్లు ఇప్పుడే చేయించి పెట్టుకోండి. దరఖాస్తు ఎప్పుడు వేసినా సరే.

సంతకాల దగ్గర కూడా ఒక మాట. అమ్మ తెలుగులోనే సంతకం చేస్తుంది. “ఇంగ్లీషులో మీరే పెట్టేయండక్కా, ఎవరు చూస్తారు” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సంతకం ఏ భాషలో ఉన్నా చెల్లుతుంది, ఆ మనిషే పెట్టాలి. ఫారం చివర అనువదించి చెప్పినవాళ్ళకు ఒక భాగం, నింపిపెట్టినవాళ్ళకు ఇంకో భాగం ఉంటాయి. అవి రెండూ ఖాళీగా వదిలేశాడు. ఆ పేపర్ల మీద అతని పేరు ఎక్కడా లేదు. అంటే ప్రభుత్వం దృష్టిలో ఆ ఫారాలన్నీ మేమే సొంతంగా నింపుకున్నవి.

ఇక అసలు విషయం. మొత్తం ఫీజులు ఇలా కట్టించాడు: ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440, పని అనుమతి కోసం ఐ-765కి 260. ఉద్యోగం చేయని 68 ఏళ్ళ మనిషికి పని అనుమతి ఎందుకని అడిగితే, ప్యాకేజీలో ఉంటుంది, సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు పనికొస్తుంది అన్నాడు. అది నిజమే కావచ్చు. కానీ ప్రయాణ అనుమతి, అంటే అడ్వాన్స్ పెరోల్ కోసం వేసే ఐ-131 మాత్రం వేయలేదు. “630 డాలర్లు దండగక్కా, అమ్మగారు ఇప్పుడే కదా వచ్చారు, ఎక్కడికి వెళ్తారు” అన్నాడు. ఒక్కతే ఉంటున్న పెద్దావిడ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ డెబ్బై ఏళ్ళ పైబడినవాళ్ళు. ఎక్కడికి వెళ్తుందో అతను ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆగస్టులో పెద్ద మామయ్య పోయాడు.

ఫోన్ వచ్చిన గంటలోపే అమ్మ సూట్‌కేస్ తీసింది. నేను అతనికి ఫోన్ చేసి స్పష్టంగా అడిగాను: కేసు నడుస్తుండగా అమ్మ వెళ్ళొచ్చా, ఏమైనా ఇబ్బందా అని. వేలిముద్రలు అయిపోయాయి, రసీదు ఉంది, పదేళ్ళ విజిటర్ వీసా ఇంకా ఉంది, వెళ్ళి అదే వీసా మీద వచ్చేయమనండి అన్నాడు. మెసేజ్ పెట్టమంటే పెట్టలేదు, అన్నీ ఫోన్‌లోనే చెప్పాడు. మర్నాడు అమ్మ విమానం ఎక్కింది. పెద్దకర్మ దాకా ఉండి వద్దామనుకుంది.

తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఆఫీసులో మాటల్లో ఈ సంగతి వస్తే, ఒక కొలీగ్ గాభరాపడి అప్పటికప్పుడు తనకు తెలిసిన లాయర్ నంబర్ ఇచ్చింది. ఆ లాయర్ 200 డాలర్లు తీసుకుని ముప్పావు గంట మాట్లాడింది. హెచ్1, ఎల్1 లాంటి కొన్ని వీసాల వాళ్ళకు మినహాయింపు ఉంది గానీ, విజిటర్ మీద ఉన్నవాళ్ళు అడ్వాన్స్ పెరోల్ చేతికి రాకుండా దేశం దాటితే ఐ-485 పోయినట్టేనని చెప్పింది. ఐ-131 వేశామన్న రసీదు ఉన్నా సరిపోదు, అనుమతి మంజూరై ఉండాలి. దగ్గరి బంధువు పోయినప్పుడు అత్యవసరంగా ఇమిగ్రేషన్ లోకల్ ఆఫీసులో అడిగే దారి ఉంది, ఆ రోజు ముందు నన్ను అడిగి ఉంటే అది ప్రయత్నించేవాళ్ళం అంది. ఆ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు.

విజిటర్ వీసా మీద వెనక్కి రప్పించవద్దని కూడా చెప్పింది. ఇక్కడ స్థిరపడడానికి దరఖాస్తు పెట్టినట్టు రికార్డులో ఉన్న మనిషి, చూసి వెళ్ళడానికి వచ్చానంటే ఎయిర్‌పోర్ట్‌లో వెనక్కి పంపొచ్చు, వీసా రద్దు చేయొచ్చు. టికెట్ క్యాన్సిల్ చేశాం. ఊరట కలిగించిన సంగతి ఒక్కటే. ఐ-94 ముగిసేలోపే ఐ-485 వేశాం కాబట్టి ఆ తర్వాత ఇక్కడున్న రోజులు లెక్కకు రావు, మూడేళ్ళ నిషేధం లాంటిదేమీ పడదు. ఐ-130 విడి పిటిషన్ కనుక అది బతికే ఉంది. అది మంజూరయ్యాక కేసు ముంబై కాన్సులేట్‌కు వెళ్ళాలి. మళ్ళీ ఫీజులు, మళ్ళీ మెడికల్, అమ్మకు అక్కడ ఇంటర్వ్యూ. అప్పటిదాకా తెనాలిలో ఒక్కతే. నేను భయపడింది ఏ ఇంటి గురించో, అదే ఇంట్లో.

కన్సల్టెంట్‌ను డబ్బు వాపసు అడిగితే, ఇన్‌వాయిస్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న లైన్ చూపించాడు: మేం లాయర్లం కాము, న్యాయ సలహా ఇవ్వము. జెల్‌లో పంపిన డబ్బు కాబట్టి బ్యాంకు కూడా ఏమీ చేయలేనంది.

ఆ లైనే అసలు కీలకం. లాయర్ కానివాళ్ళు మీరు చెప్పింది ఫారంలో రాయొచ్చు, అంతే. ఏ ఫారం వేయాలి, ఏది అక్కర్లేదు, వెళ్ళొచ్చా వద్దా అని చెప్పే హక్కు వాళ్ళకు లేదు. ఆ హక్కు లాయర్లకు, న్యాయశాఖ గుర్తింపు పొంది లాభాపేక్ష లేని సంస్థల్లో పనిచేసే ప్రతినిధులకు మాత్రమే ఉంది. లాయర్ పేరును ఏ రాష్ట్రంలో లైసెన్స్ ఉందో ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. నిజంగా మీ తరఫున నిలబడేవాళ్ళు జీ-28 అనే ఫారం మీద తమ పేరు, సంతకం పెడతారు. అది పెట్టనంటే డబ్బివ్వకండి. ఫారాలు మీరే నింపుకున్నా పర్వాలేదు, పంపేముందు ఒక గంట లాయర్‌కు డబ్బిచ్చి చూపించుకోండి. మాకు ఆ 200 డాలర్లు ముందే ఖర్చయి ఉంటే 1,440 మిగిలేవి, అమ్మ ఇక్కడ ఉండేది.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళు లైసెన్స్ లేకుండా న్యాయ సలహా ఇచ్చేవాళ్ళ మీద, రాష్ట్ర సుప్రీంకోర్టు నియమించే కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. అటార్నీ జనరల్ ఆఫీసుకు, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు కూడా. నేను మూడు చోట్లా ఇచ్చాను. ఇదే ప్యాకేజీ తీసుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీరూ ఇవ్వండి, ఒక్క ఫిర్యాదు కంటే పది ఫిర్యాదులకు బలం ఎక్కువ.

అంతకంటే ముందు, ఈ రోజే, మీకు వచ్చిన రసీదులన్నీ తీసి చూడండి. వాటిలో ఐ-131 పేరుతో ఒకటి ఉందా, దాని అనుమతి చేతికి వచ్చిందా? రాకపోతే అమ్మానాన్నలకు టికెట్ కొనకండి. ఇప్పటికే కొని ఉంటే, విమానం ఎక్కకముందే లాయర్‌కు ఫోన్ చేయండి.