పర్వతాల పుట్టుకను చూపే నమూనా పెట్టె: ముడుతలు చక్కగా ఉన్నాయి, మూలాలు లేవు

ముడుత పర్వతాలు ఏర్పడే తీరును చేత్తో చేసి తెలుసుకోవడానికి ఉద్దేశించిన ఈ పెట్టెలో ఒక గాజు తొట్టి, రంగురంగుల మెత్తని పొరలు, వాటిని ఒక పక్కనుంచి నెట్టే మర, కొన్ని రాతి ముక్కలు, ఒక వివరణ పుస్తకం ఉంటాయి.

మరను నెమ్మదిగా తిప్పితే పొరలు మొదట వంగి, మరికొంత ఒత్తిడికి ఒకచోట తెగి, అడుగున ఉన్నది పైదాని మీదికి ఎక్కుతుంది. పాత శిల కొత్త శిలపై ఎలా చేరుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపడం కష్టం. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం భారత ఫలకం (భారతదేశాన్ని మోస్తూ కదిలే భూమి పైపెంకు పలక) యురేషియాను ఢీకొన్నప్పటినుంచి, ఆ రెంటి మధ్య ఒకప్పుడున్న టెథిస్ సముద్రపు అడుగున పేరుకున్న పొరలు ఇలాగే నలిగి, తెగి, పైకి లేచాయి, 8,848.86 మీటర్ల ఎవరెస్టు కొనన సముద్రజీవుల శిలాజాలున్న సున్నపురాయి ఉండడానికి కారణం అదే. పెట్టెలోని సున్నపురాయి ముక్కను భూతద్దం కింద పెడితే, మధ్యలో రంధ్రం ఉన్న చిన్న బిళ్లలు, అంటే క్రినాయిడ్లు అనే కాడ ఉన్న సముద్రజీవుల కాడల ముక్కలు, విడివిడిగా కనిపిస్తాయి. ఈ ఎంపిక ఎంతో మెచ్చదగినది.

పర్వతాల వృద్ధాప్యం విషయంలో మాత్రం ఈ పెట్టె నిరాశపరుస్తుంది. వానా మంచూ కొండను అరగదీస్తాయని చెప్పి, పైనున్న ఇసుకను కుంచెతో తుడవమనడంతో పుస్తకం సరిపెట్టి, అసలు సంగతి వదిలేసింది. భూపటలం తనకంటే సాంద్రమైన పదార్థంపై, నీటి మీద దుంగల తెప్పలాగా తేలుతుందని ఆంగ్ల ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ 1855లోనే వివరించారు. ఎత్తయిన పర్వతాల కింద భూపటలం మందంగా, లోతైన మూలంగా దిగి ఉంటుంది. టిబెట్ కింద ఆ మందం సుమారు 70 కిలోమీటర్లు. పైభాగం అరిగి బరువు తగ్గేకొద్దీ ఆ మూలం పైకి లేస్తుంది కనుక, ఒక కిలోమీటరు మందాన శిల కొట్టుకుపోయినా, చివరికి ఎత్తు తగ్గేది దాదాపు 200 మీటర్లే. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం నాటి ఖండాల తాకిడితో రూపుదిద్దుకున్న, ఉత్తర అమెరికా తూర్పున ఉన్న అపలాచియన్ శ్రేణిలో మౌంట్ మిచెల్ శిఖరం నేటికీ 2,037 మీటర్ల ఎత్తున నిలిచి ఉండడాన్ని ఈ సంగతి వదిలేసి అర్థం చేసుకోలేము. భూగర్భంలో ఎంతో లోతున తయారై, పైపొరలు అరిగాక బయటపడే నైస్ శిల ముక్క పెట్టెలోనే ఉన్నా, దానికి పేరు తప్ప వివరణ లేకపోవడం బాధ కలిగించింది.

తరగతి గదికి ఇది కొనదగిన వస్తువే. అయితే పుస్తకాన్ని పిల్లల చేతికి ఇచ్చేముందు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు రెండు ఖండాలు ఢీకొని పుట్టాయనే పుటను సరిదిద్దాలి: అక్కడ ఖండాలు ఢీకొనలేదు, నాజ్కా సముద్ర ఫలకం దక్షిణ అమెరికా కిందికి దిగుతోంది.