వెళ్ళిపోయిన కవి, ఉండిపోయిన కవి

కమ్యూనిస్టు హంగరీలో ఎదురు మాట్లాడే కవికి రెండే దారులు: దేశం వదలడం, లేదా అక్కడే ఉండి నోటికి తాళం వేయించుకోవడం. ఆ దారులు పట్టిన ఇద్దరు కవుల పేరూ జ్యోర్జే. ఫలూది మొదటి దారి పట్టాడు, పెత్రి రెండోది.

ఫలూదిని 1950లో రెచ్క్ అనే నిర్బంధ శ్రమ శిబిరానికి పంపారు. పగలంతా రాళ్ళు కొట్టే పని, కడుపు నిండని తిండి. రాసుకోవడానికి కాగితం లేదు, పెన్సిల్ లేదు. పద్యాలు మనసులోనే అల్లి, తోటి ఖైదీలకు చెప్పేవాడు. వాళ్ళు వాటిని కంఠతా పట్టారు. అలసిపోయిన మనుషులు ఒకరి పద్యాన్ని మరొకరికి అప్పజెప్పడం తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. స్టాలిన్ చనిపోయిన 1953లోనే శిబిరం మూతపడింది. కమ్యూనిస్టు పాలన మీద జనం చేసిన 1956 తిరుగుబాటు అణిచివేత తర్వాత ఫలూది లండన్‌కు, కొన్నేళ్ళకు టొరాంటోకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి 1980ల చివర.

పెత్రికి రాళ్ళు కొట్టే శిక్ష పడలేదు. 1970లలో కమ్యూనిస్టు నేత కాదార్ పాలన పద్ధతి వేరు: పుస్తకం వేయకపోతే చాలు. రెండు సంపుటాలు వచ్చాక తలుపులు మూసుకుపోయాయి. 1981లో ‘నిత్య సోమవారం’ అనే సంపుటి రహస్యంగా అచ్చయి చేతులు మారింది. 1956 తిరుగుబాటు నాటి ప్రధాని, ఆ తర్వాత ఉరితీసిన ఇమ్రె నాజ్ పేరెత్తడమే నేరమైన రోజుల్లో ఆయన మీద కవిత రాశాడు.

ఫలూది బాధ పెద్దది, కాదనను. కానీ నా మనసు పెత్రి వైపే మొగ్గుతుంది: ఏళ్ళ తరబడి అదే ఊళ్ళో, అదే టెన్షన్‌తో బతుకుతూ రాశాడు.