గువామ్ చమోరో వంశవృక్షానికి ఏది మేలు: జనాభా లెక్కలా, పాత పత్రికలా, మరణ ప్రకటనలా?

పసిఫిక్‌లో అమెరికా ఏలుబడిలోని గువామ్ ద్వీపంలో, అక్కడి మూలవాసులైన చమోరోల మధ్య, తాత పేరు పట్టుకుని వెతికితే అదే పేరున్న మనుషులు కుప్పలుగా దొరుకుతారు. చిక్కంతా అక్కడే. క్రూజ్, శాంటోస్, పెరెజ్, కమాచో, ఫ్లోరెస్ అనే ఇంటిపేర్లు ఊరూరా ఉన్నాయి. పైగా హోసే, హువాన్, మరియా ఇంటింటా ఉంటారు. అందుకే కాగితం దొరకడం కన్నా, ఆ కాగితంలో ఉన్నది మన మనిషేనని తేల్చుకోవడం కష్టం. ఈ దృష్టితో చూస్తే ముందు మరణ ప్రకటనలు, ఆ తర్వాత జనాభా లెక్కలు, ఆఖర్న యుద్ధానికి ముందటి పత్రికలు చూడడం మేలు. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి నెలలు పోగొట్టుకుంటారు.

మరణ ప్రకటనలకు మొదటి స్థానం ఎందుకంటే, చమోరో కుటుంబాలను విడదీసి గుర్తుపట్టించే ‘ఫమీలియన్’ పేరు అచ్చులో తరచుగా కనిపించేది అక్కడే. ఇంటిపేరు ఒకటే అయినా ఈ కుటుంబం ఫమీలియన్ గోయో, ఆ కుటుంబం ఫమీలియన్ కోట్లా అని ఊళ్లో వేరుగా పిలుస్తారు. అచ్చం మన పల్లెల్లో ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలను ‘పెద్దింటోళ్లు, చెరువుగట్టోళ్లు’ అని విడదీసినట్టే. ఈ పేరు తల్లి వైపు నుంచి కూడా రావచ్చు కాబట్టి ఒకే ప్రకటనలో రెండు ఫమీలియన్ పేర్లుంటే అచ్చుతప్పు అనుకోకండి, రెండూ రాసుకోండి. అదే ప్రకటనలో వాడుక పేరు (విసెంటే ‘బెన్’ అవుతాడు), ఉంటున్న ఊరు, ముందే పోయిన తల్లిదండ్రులు, తోబుట్టువులు, వాళ్ల భార్యాభర్తలు, జపమాల ప్రార్థనలు జరిగే చోటు ఉంటాయి. తోబుట్టువుల భార్యాభర్తల పేర్లను వదిలేయకండి. కిచోచో, చర్ఫౌరోస్ లాంటి తక్కువమందికుండే ఇంటిపేరు తగిలితే, వందమంది క్రూజ్‌ల మధ్య దారి చూపేది అదే.

వీటిలోనూ లోటుంది. ప్రకటన రాయించేది దుఃఖంలో ఉన్న పిల్లలు. ముత్తాతల పేర్లు విన్నవే తప్ప చూసి రాసినవి కావు. తేదీ దగ్గర కూడా జాగ్రత్త పడాలి. గువామ్ అంతర్జాతీయ దినరేఖకు పడమట ఉంది. అమెరికా నౌకాదళంలో చేరి శాన్ డియాగోలో స్థిరపడిన చమోరోలు చాలామంది. అక్కడ శనివారం రాత్రి పోయిన మనిషికి గువామ్‌లో అప్పటికే ఆదివారం. రెండుచోట్లా ప్రకటన వస్తే తేదీల్లో ఒకరోజు తేడా కనిపిస్తుంది. ఇద్దరు మనుషులనుకుని విడదీయకండి.

ఇక జనాభా లెక్కలు. అమెరికా జనగణన గువామ్‌లో 1920లో 13,275 మందిని, 1930లో 18,509 మందిని, 1940లో 22,290 మందిని లెక్కించింది. పేర్లున్న పట్టీలను 72 ఏళ్ల తర్వాతే చూడనిస్తారు కాబట్టి 1950 నాటివి 2022లో తెరిచారు. పేదా గొప్పా తేడా లేకుండా ఇల్లు ఇల్లంతా, వయసులతో, యజమానికి ఏమవుతారో సహా వరసగా దొరకడం వీటి బలం. చెట్టుకు కాండం ఇక్కడే కడతాం. అయితే 1921లో పుట్టి 1928లో పోయిన బిడ్డ ఏ పట్టీలోనూ ఉండదు. బంధువుల పిల్లల్ని పెంచుకోవడాన్ని చమోరోలు ‘పోక్సాయ్’ అంటారు. అలాంటి బిడ్డ సొంత బిడ్డగా నమోదై ఉండవచ్చు. ఫమీలియన్ పేరు కోసం వెతకడం వృథా.

అన్నిటికన్నా ఎక్కువమంది పడే గోతి పేర్ల వరస. స్పానిష్ పద్ధతిలో ముందు తండ్రి ఇంటిపేరు, చివర తల్లిది. ద్వీపం స్పెయిన్ పాలనలో ఉన్న 1897 నాటి జనాభా పట్టీ అలా చదవాలి. అమెరికా పాలనలో వరస తిరగబడి తల్లిది మధ్యకు, తండ్రిది చివరికి వచ్చింది. అంటే 1897లో హువాన్ క్రూజ్ శాంటోస్ అనే పిల్లాడు ఉన్నాడనుకుంటే, 1920లో అతన్ని హువాన్ ఎస్. క్రూజ్‌గా వెతకాలి. ఆడవాళ్ల దగ్గర ఇంకో మెలిక: పెళ్లి కాకముందు మధ్య అక్షరం తల్లి ఇంటిపేరుది, పెళ్లయ్యాక పుట్టింటిది. మరియా సి. పెరెజ్ అని కనబడితే ముందు ఆమెకు పెళ్లయిందో లేదో చూడాలి.

యుద్ధానికి ముందటి పత్రికల్లో గువామ్ న్యూస్ లెటర్ (1909-1922), గువామ్ రికార్డర్ (1924-1941) ముఖ్యమైనవి. ద్వీపం నౌకాదళ పాలనలో ఉన్నప్పటివి, ఇంగ్లిషులో నడిచినవి. ఓడల రాకపోకలు, అధికారుల బదిలీలు, బడి వార్తలు, కొబ్బరి వ్యాపారం వీటిలో ఎక్కువ. టీచర్లు, గుమాస్తాలు, ఊరి కమిషనర్లు, వ్యాపారులు పేరుతో సహా కనిపిస్తారు. వారమంతా ‘లాంచో’లో, అంటే ఊరి బయటి పొలంలో పనిచేసి పండుగకూ పూజకూ ఊళ్లోకి వచ్చే రైతు మాత్రం అరుదు. తాత టీచరో గుమాస్తానో కాకపోతే ఆ పుటల్లో పేరు కోసం వెతికి నిరాశపడకండి. అయితే 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఎందుకు మాయమయ్యారో పట్టీ చెప్పదు, ఆ కాలపు పత్రిక చెబుతుంది. 1941 డిసెంబరులో జపాన్ ఆక్రమణతో ఈ పత్రికల దారి తెగిపోతుంది. 1944లో అమెరికా ద్వీపాన్ని తిరిగి పట్టుకున్నప్పటి దాడుల్లో చర్చి పుస్తకాలు కూడా చాలా పోయాయి. ఉన్నవాటి విలువ అందుకే అంత.

మంగిలావోలో గువామ్ విశ్వవిద్యాలయపు మైక్రోనేషియా పరిశోధన కేంద్రం వీటికి ప్రధాన చోటు. కంప్యూటరులో వెతికేటప్పుడు ‘ñ’, ‘å’ అక్షరాలు మామూలు ‘n’, ‘a’లుగా మారి ఉంటాయని గుర్తుంచుకోండి. ఊరి పేరు రెండు రూపాల్లోనూ కొట్టాలి: హగాత్న్యాకు అగానా, మలెస్సోకు మెరిసో, హుమాతక్‌కు ఉమతక్. రాసుకునేటప్పుడు అచ్చులో ఉన్న అక్షరాలే దించుకుని, మీరు సరైనదనుకున్న రూపాన్ని పక్క గడిలో పెట్టండి. సంచిక తేదీకి, సంఘటన తేదీకి వేర్వేరు గడులు ఉండాలి.

మూడింటినీ కలిపేటప్పుడు ఊరు మారడాన్ని మర్చిపోవద్దు. 1940లో ద్వీపం జనంలో దాదాపు సగం అగానాలోనే ఉండేవారు. యుద్ధంలో పట్టణం నేలమట్టమయ్యాక వాళ్లు ఊళ్లన్నిటికీ చెదిరిపోయారు. సుమాయ్ అనే ఊరివాళ్లను తిరిగి రానివ్వలేదు, ఆ చోటు నౌకాదళ స్థావరమైపోయింది; వాళ్లను సాంతా రీతాకు తరలించారు. కాబట్టి సాంతా రీతాలో కన్నుమూసిన పెద్దావిడ ప్రకటన చేతికొస్తే, 1940 పట్టీలో ముందు సుమాయ్ పుటలు తెరవండి.