వైజాగ్‌లో "పొద్దున స్కూబా, మధ్యాహ్నం అరకు" కాంబో ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

సెలవులొస్తే హైదరాబాద్ నుంచి మన ఊరికి వచ్చే చుట్టాలకి ఇప్పుడు ఆర్కే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ చూపిస్తే సరిపోవడం లేదు. ఇన్‌స్టాలో రీలు చూసి వస్తారు. కయాకింగ్ ఎక్కడ, పారాసెయిలింగ్ ఎక్కడ, స్కూబా (గాలి సిలిండరు తగిలించుకుని సముద్రం లోపలికి దిగడం) ఎక్కడ అని దిగీదిగగానే మొదలు. మంచిదే. ఈ తీరంలో నీళ్ళ ఆటలు పెరగడం నాకూ సంతోషమే. భీమిలి రోడ్డు పొడవునా పద్ధతిగా నడుపుతున్నవాళ్ళు ఉన్నారు. ఈ పోస్టు వాళ్ళ గురించి కాదు.

సంక్రాంతి సెలవులకి మా అక్కావాళ్ళు వచ్చారు. వచ్చేముందే అక్క ఇన్‌స్టాలో ఒక ప్రకటన చూసి నలుగురికి బుక్ చేసేసింది. మనిషికి 4,500. "40 నిమిషాల స్కూబా, 12 మీటర్ల లోతు, వీడియో ఫ్రీ, ఇన్సూరెన్స్ ఉంది, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్, మధ్యాహ్నం అక్కడి నుంచే అరకు, రాత్రి క్యాంప్‌ఫైర్." మొత్తం 18,000లో సగం ముందే ఫోన్‌పేలో కొట్టించుకున్నారు. డబ్బు వెళ్ళింది సంస్థ పేరు మీదకి కాదు, ఎవరో ఒక మనిషి పేరు మీదకి. బిల్లు అడిగితే "స్క్రీన్‌షాటే బిల్లు మేడమ్" అన్నారట. పేరు, బీచ్ ఇక్కడ రాయడం లేదు. గొడవ ఇంకా నడుస్తోంది. పైగా ఇదే రకం ప్యాకేజీ వేరే వేరే పేర్లతో కూడా తిరుగుతోంది, కాబట్టి పేరు కంటే పద్ధతి గుర్తుపట్టడం మీకు ఎక్కువ ఉపయోగం.

నేను కొన్నేళ్ళ కిందట పుదుచ్చేరిలో స్కూబా కోర్సు చేశాను. అందుకే వాళ్ళతో పాటు బీచ్‌కి వెళ్ళాను.

ఆఫీసు లేదు. ఒక షామియానా, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద నీలం రంగు నీళ్ళు, పగడాల దిబ్బలు, నారింజ చారల చేపలు. అండమాన్ ఫోటోనో, మాల్దీవుల ఫోటోనో! మన దగ్గర సముద్రం అలా ఉండదండీ. నీళ్ళు కాస్త పచ్చగా, మసకగా ఉంటాయి. మంచి రోజైతే రాళ్ళు, వాటి చుట్టూ తిరిగే చేపలు బాగానే కనిపిస్తాయి. కానీ ఆ ఫ్లెక్సీ చూసి దిగినవాడికి నిరాశ ఖాయం.

ముందు మిగతా 9,000 తీసుకున్నారు. తర్వాత ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అంతా ఇంగ్లీషు, చిన్న అక్షరాలు. సారం ఒక్కటే: ఏం జరిగినా మాకు సంబంధం లేదు, డబ్బు వెనక్కి ఇవ్వం. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న లేదు. మా బావ బీపీ మాత్రలు వేసుకుంటారు, చలికాలంలో ఇన్‌హేలర్ జేబులోనే ఉంటుంది. పైగా ఆ రోజు జలుబు కూడా. పద్ధతిగా నడిపే ఏ చోటైనా దిగేముందు మెడికల్ ఫారం నింపిస్తారు. ఆస్తమా, గుండె, ఫిట్స్, చెవి ఆపరేషన్, బీపీ, గర్భం... అన్నీ అడుగుతారు. తేడా ఉందని తేలితే డాక్టరు సంతకం తెమ్మంటారు. ఇక్కడ బావ తనంతట తానే "నాకు ఆస్తమా ఉంది బాబూ" అని చెప్తే వచ్చిన జవాబు: "ఏం పర్లేదు సార్, లోపల ఆక్సిజనే కదా."

ఆ మాట దగ్గరే నాకు గుండె ఆగినంత పనైంది. సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలి, ఒత్తిడితో నింపినది. స్కూబా నేర్పేవాడికి ఇది మొదటి రోజు పాఠం.

మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. స్కూబా శిక్షణకి నిబంధనలు పెట్టే ప్యాడీ లాంటి సంస్థల ప్రకారం సముద్రంలో ఈ ట్రయల్ డైవ్‌కి (కోర్సు చేయనివాళ్ళు ఒకసారి దిగి చూసేదానికి) కనీసం పదేళ్ళుండాలి. ఎనిమిదేళ్ళ పిల్లలకి కూడా ఒకటి ఉంది గానీ అది రెండు మీటర్లకి మించని లోతులో చేయించేది. వాడి వయసు చెప్తే కాగితం ఇచ్చిన కుర్రాడు పెన్ను అక్క చేతికిచ్చి "పది అని రాసేయండి మేడమ్, ఎవరు చూస్తారు" అన్నాడు. అక్క నా వైపు చూసింది. నేను పెన్ను తిరిగి ఇచ్చేశాను.

నీళ్ళలోకి వెళ్ళేముందు పాఠం అయిదు నిమిషాలు కూడా లేదు. మాస్కు ఎలా పెట్టుకోవాలో చెప్పారు, గాలి పీల్చే గొట్టం చివరి రబ్బరు నోట్లో ఎలా కరుచుకోవాలో చెప్పారు, అంతే. ముఖ్యమైనవి రెండూ వదిలేశారు. లోపల ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చేస్తే అది రెట్టింపు అవ్వాలని చూస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. రెండోది చెవులు. దిగుతున్నకొద్దీ ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలి, నొప్పి రాకముందే. జలుబు ఉన్నవాళ్ళకి ఇది కుదరదు, అందుకే జలుబుతో దిగనివ్వరు.

సైగలు కూడా చెప్పలేదు. దాని ఫలితం చూడండి. బావ దిగిన కాసేపటికి ఎదురుగా కెమెరా వచ్చింది. మనం ఫోటోకి ఏం చేస్తాం? బొటనవేలు పైకెత్తుతాం. స్కూబాలో దానర్థం "బాగుంది" కాదు, "నన్ను పైకి తీసుకెళ్ళు" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. వెంట దిగినవాడు చక్కగా బావని పైకి లాక్కొచ్చి బోటెక్కించేశాడు. 40 నిమిషాల డైవ్ పది నిమిషాలైనా నడవలేదు. ఇదేంటని అడిగితే "మీరే కదా సార్ పైకి రమ్మన్నారు" అంటాడు. ఆ క్షణంలో నవ్వొచ్చిన మాట నిజం. కానీ బావ చెవి పట్టుకుని కూర్చున్నారు, ముఖం ఎర్రగా కందిపోయింది. తర్వాత ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే కర్ణభేరి వాచిందన్నారు. తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

అక్కకి బోటులో కడుపులో తిప్పి దిగనంది. తర్వాత మా మేనకోడలి వంతు, పద్నాలుగేళ్ళ పిల్ల. బావ వీపు మీద నుంచి విప్పిన సిలిండర్నే తెచ్చి పిల్లకి తగిలిస్తున్నారు. దానికి వేలాడుతున్న గేజి, అంటే లోపల గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు, పట్టుకుని చూశాను. నిండు సిలిండరైతే ముల్లు 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉండాలి. ఇది 80కి కాస్త అటూఇటూగా ఉంది, అద్దం లోపల చెమ్మ పట్టి సరిగ్గా కనిపించడం కూడా లేదు. 50 మిగిలి ఉండగానే పైకి వచ్చేయాలన్నది నేను నేర్చుకున్న లెక్క. బావ పది నిమిషాల్లో 120 ఖాళీ చేశారంటే నేను నమ్మను. పొద్దున్నించి ఒకే సిలిండరు మనిషి తర్వాత మనిషికి మారుతోందన్నమాట. నోట్లో పెట్టుకునే రబ్బరు ఒక పక్క చిరిగి ఉంది, ఎవరి పళ్ళ గాట్లో దాని మీద అలాగే ఉన్నాయి. కడగడం లాంటిదేమీ నేను చూడలేదు. పిల్ల దిగదు అని చెప్పాను. "చాలా ఉంది సార్ ఇంకా" అని వాదించారు. నేను వాదించలేదు, బెల్టు విప్పేశాను.

బోటులో ఇంకో సంగతి. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, ఒక మూల కుప్పగా. ఎవరికీ తొడగలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం మనం అంత తొందరగా మరిచిపోతే ఎలా?

ఇంత చదివి "చవక బేరం, ఇలాగే ఉంటుంది" అనుకునేవాళ్ళు ఉంటారు. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది మాత్రం తర్వాతి భాగం. అరకు బండి రోడ్డు మీద రెడీగా ఉంది. ఎక్కండి ఎక్కండి అని తొందర.

లోతులో ఒత్తిడితో గాలి పీల్చినప్పుడు అందులోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే ఎత్తుకి వెళ్తే, సోడా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు లేవొచ్చు. కీళ్ళ నొప్పులతో సరిపోవచ్చు, నరాల దాకా కూడా వెళ్ళొచ్చు. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. ఈ సంగతి చాలామందికి తెలుసు. కొండ ఎక్కడం కూడా ఇదే లెక్కలోకి వస్తుందని తెలిసినవాళ్ళు తక్కువ. 600 మీటర్లు దాటిన ఎత్తు ఏదైనా జాగ్రత్తే. మన అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది, దారిలో గాలికొండ దగ్గర ఇంకా ఎత్తు. బీచ్‌లో తడి బట్టలు మార్చుకుని బయల్దేరితే మూడు నాలుగు గంటల్లో అక్కడ ఉంటాం.

మా బావ దిగింది అయిదారు మీటర్లే, అదీ కాసేపే. ఆయనకి ప్రమాదం చాలా తక్కువని నాకు తెలుసు. కానీ వీళ్ళు అమ్ముతున్నది 12 మీటర్లు, 40 నిమిషాలు. ఆ మాట నిజంగా నిలబెట్టుకుని, ఆ వెంటనే ఘాట్ రోడ్డు ఎక్కించారనుకోండి? అంటే కస్టమర్లని కాపాడుతున్నది వాళ్ళ జాగ్రత్త కాదు, వాళ్ళ మోసం. డ్రైవర్‌కి చెప్తే పాపం అతను "రోజూ తీసుకెళ్తున్నాం సార్, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు. అతని తప్పేం లేదు, అతనికెవరు చెప్పారని! మేం ఎక్కలేదు. అక్కావాళ్ళని మర్నాడు పొద్దున అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలెక్కించాను. సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పిల్లలు హాయిగా వెళ్ళొచ్చారు. డైవ్ చేసే రోజే సాయంత్రం ఫ్లైట్ ఉన్నవాళ్ళకి కూడా వీళ్ళు స్కూబా అమ్ముతున్నారు. ఆ బీచ్‌లోనే ఒక జంట బ్యాగులతో సహా వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి నేనే చెప్పాను. డబ్బు కట్టేశాం కదా అని కాస్త ఊగిసలాడి, చివరికి కయాకింగ్‌కి మార్చుకున్నారు.

"ఫ్రీ వీడియో" కి 1,500 అడిగారు. ఎడిటింగ్ చార్జీ అట. కట్టలేదు, వీడియో రాలేదు. ఇన్సూరెన్స్ పాలసీ నంబరు అడిగితే సార్‌ని అడిగి చెప్తామన్నారు, ఆ సార్ ఇంతవరకూ దొరకలేదు. సర్టిఫికెట్ మాత్రం అందరికీ ఇచ్చారు, దిగని అక్కకి కూడా! అసలు ఒక్కసారి దిగినందుకు వచ్చేది ఏదీ లైసెన్సు కాదు. స్కూబా నేర్చుకునే మొదటి కోర్సైన ఓపెన్ వాటర్‌కి మూడు నాలుగు రోజులు పడుతుంది, సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయాలి. అప్పుడు వచ్చే కార్డుకే ఎక్కడైనా విలువ. ఈ రంగు కాగితం పిల్లలు గోడకి అంటించుకోవడానికి బాగుంటుంది.

కొనేవాళ్ళు ఫోన్‌లోనే అడగండి: నీళ్ళలోకి దిగే ఇన్‌స్ట్రక్టర్ పేరు, సర్టిఫికేషన్ నంబరు చెప్పండి అని. ప్యాడీ అయితే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఒకరు ఎంతమందిని తీసుకెళ్తారో అడగండి. ఇలాంటి ట్రయల్ డైవ్‌లో నలుగురిని మించకూడదు. మొదటిసారైతే మనిషికొకరు ఉండే చోటు చూసుకోవడం ఇంకా మేలు. మెడికల్ ఫారం వాట్సాప్‌లో ముందే పంపమనండి. "అలాంటిదేం అక్కర్లేదు" అన్నారంటే ఇంక మాట్లాడే పని లేదు. సముద్రం బాగోకపోతే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో బుక్ చేసేవాళ్ళు ఇది అస్సలు వదలొద్దు. బోటెక్కాక మీ సిలిండరు గేజి మీరే చూడండి. చూపించడానికి చిరాకు పడేవాడితో దిగొద్దు.

డబ్బు సంగతి. దిగని ముగ్గురి డబ్బు, బావ అరకు వాటా అడిగాం. మొదట ఇచ్చిన జవాబు: "రీఫండ్ లేదు, మళ్ళీ వచ్చినప్పుడు దిగొచ్చు." అక్క జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసింది. తెలుగులోనే మాట్లాడారు. ఆ తర్వాత కదలిక వచ్చి 4,500 వెనక్కి వేశారు, "గుడ్‌విల్‌గా" అని మెసేజ్ పెట్టి. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. ఇది వైజాగ్‌లోనే వేయాలని లేదు. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న ఊళ్ళోనే వేసుకోవచ్చు, కాబట్టి అక్క హైదరాబాద్‌లోనే వేస్తోంది. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళ వరకు గడువుంది. ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. ఆ ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టాం కదా అని భయపడి ఊరుకోకండి. సంతకం తీసుకున్నంత మాత్రాన వాళ్ళ నిర్లక్ష్యం మాఫీ అయిపోదు.

ప్రకటన తీసేస్తారని ముందే స్క్రీన్‌షాట్లు దాచాం. అనుకున్నట్టే రెండోరోజుకి మాయమైంది. ఇదే ప్యాకేజీ కొని ఇబ్బంది పడ్డవాళ్ళు ఉంటే మీ చెల్లింపు స్క్రీన్‌షాటు, ప్రకటన తీసి పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి. ఒకే రకం ఫిర్యాదులు నాలుగైదు ఉంటే కమిషన్ ముందు మాట బలంగా ఉంటుంది.