పెద్దల మతిమరుపు: ఏ పరీక్ష మేలు?

ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతుంటే "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకుంటాం. అలా వదిలేయకండి. తొలి అనుమానం తీర్చుకోవడానికి స్కానింగ్ దాకా పోనక్కరలేదు, కాగితం, పెన్సిలు చాలు. ఎక్కువగా వాడే పరీక్షలు రెండు: 1975 నాటి ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్), 2005లో వచ్చిన మోకా (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్). రెండూ 30 మార్కులకే, రెండూ పది నిమిషాల పనే.

తేడా ప్రశ్నల్లో ఉంది. ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈలో మూడు మాటలు చెప్పి కాసేపటికి అడుగుతారు, మోకాలో ఐదు. మోకాలో ఇంకా గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించాలి, అంకెనూ అక్షరాన్నీ మార్చి మార్చి గీతతో కలపాలి. తొలిదశ లోపం ఇలాంటి చోటే పట్టుబడుతుంది. రిటైరైన ఉపాధ్యాయుడు ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈలో 28 తెచ్చుకున్నా నిశ్చింతగా ఉండలేం. చదువుకున్నవారికి మోకాయే మేలు. అందులో 26 కన్నా తగ్గితే మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఖాయమని కాదు, న్యూరాలజిస్టును కలవాలని అర్థం.

బడి మెట్లు ఎక్కని అమ్మమ్మ సంగతి వేరు. ఎన్నడూ పెన్సిలు పట్టని చేతికి మోకాలోని ఘనం (క్యూబ్) బొమ్మ ఇచ్చి గీయమంటే ఆమె చదువు లేమినే కొలుస్తున్నాం. చదువు పన్నెండేళ్లు మించనివారికి మోకా కలిపేది ఒక్క మార్కే, అది ఏ మూలకూ చాలదు. ఇక్కడ నేను ఏడీ-8 అనే ప్రశ్నావళి వైపే మొగ్గుతాను. ఇందులోని ఎనిమిది ప్రశ్నలూ ఇంట్లోవారికే. డబ్బు వ్యవహారాల్లో తడబడుతున్నారా? ఇష్టమైన పనులపై ఆసక్తి తగ్గిందా? నెల, సంవత్సరం మరిచిపోతున్నారా? అడిగేది గత కొన్నేళ్లలో వచ్చిన మార్పు గురించే. పాల లెక్క, చీటీల లెక్క నోటితోనే తేల్చిన మనిషి ఇప్పుడు వేళ్లు మడిచి తికమకపడుతుంటే అది లెక్కలోకి వస్తుంది. రెండు "అవును"లు వస్తే డాక్టరుకు చూపించాలి.

జవాబు చెప్పేవారు మాత్రం రోజూ దగ్గరుండి చూసేవారై ఉండాలి. అమెరికా నుంచి ఆదివారం వీడియో కాల్ చేసే కొడుకు కంటే పక్కింటి పిన్నిగారికే ఎక్కువ తెలుస్తుంది.

ఏ పరీక్ష చేయించినా బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు తప్పనిసరిగా అడగండి. దిగులు, నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి, వీటిని సరిదిద్దుకోవచ్చు. చెవులు సరిగా వినిపించకపోతే ముందు వాటిని చూపించండి. వినపడని మాటను ఎవరైనా ఎలా గుర్తుపెట్టుకుంటారు?